వీధి మలుపు కొట్టులో కూరగాయల ధర ఎలా పుడుతుంది

సికింద్రాబాద్‌లో మేముండే వీధి మలుపున, ఒక చిన్న మడిగెలో కూరగాయల కొట్టు ఉంది. ఉదయం ఏడు గంటలకల్లా ముందున్న బల్ల మీద తడిపిన గోనెసంచి పరిచి, పాలకూర, తోటకూర, పుంటికూర (గోంగూర) కట్టలను వరుసగా పేరుస్తారు. పక్కన క్రేట్లలో టమాటాలు, వంకాయలు, బెండకాయలు ఉంటాయి. పైన కొక్కేనికి ఒక అరటి గెల వేలాడుతుంటుంది. మొన్నామధ్య ఒక పెద్దావిడ టమాటాల ధర విని కొట్టు నడిపే మహిళను నిలదీసింది: “ఏందమ్మా, రైతు బజార్‌ల ఇరవై నాలుగని బోర్డు మీద రాసిండ్రు, నువ్వు ముప్పై అంటున్నవ్?” ఆమె కోపగించుకోలేదు. “అక్కడికి పోయి తెచ్చుకుంటే ఇరవై నాలుగే పెద్దమ్మా. ఇక్కడ పెట్టుకున్నందుకు ముప్పై” అంది. పెద్దావిడ ఏదో గొణుక్కుంటూనే అర కిలో తీసుకుని వెళ్లింది.

ఆ ఆరు రూపాయల తేడా గురించి మన ఇళ్లలో వినిపించే వివరణ ఒక్కటే: మధ్యలో వాళ్లు తినేస్తున్నారు. రైతుకు దక్కేదానికీ మనం చెల్లించేదానికీ మధ్య పెద్ద అంతరం ఉన్న మాట నిజం. కానీ ఆ అంతరమంతా ఎవరో ఒకరి జేబులో లాభంగా చేరుతోందనుకోవడం, ముఖ్యంగా మన కళ్లెదుట కనిపించే చిన్న కొట్టువాళ్ల జేబులో చేరుతోందనుకోవడం, లెక్కకు నిలవదు. వీధి మలుపు కొట్టులో మనం కొనేది కూరగాయలను మాత్రమే కాదు. అవి కుళ్లిపోతే వచ్చే నష్టాన్ని మన బదులు ఇంకొకరు భరించే ఏర్పాటును కూడా మనం ఆ ధరలోనే కొంటున్నాం. ఈ సంగతి అర్థం కావాలంటే ఒక క్రేటు టమాటాల వెంట నడవాలి.

ఆ కొట్టుకు సరుకు బోయినపల్లి మార్కెట్ యార్డు నుంచి వస్తుంది. కొట్టు నడిపే మహిళ భర్త తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, మరో ముగ్గురు కొట్ల యజమానులతో కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళతాడు. ఒకసారి ఆయనతో పాటు నేనూ వెళ్లాను. అప్పటికే యార్డులో డీసీఎంలు, లారీలు బారులు తీరి ఉన్నాయి. చలికాలంలో చేవెళ్ల, వికారాబాద్, వంటిమామిడి వైపు నుంచి దగ్గరి సరుకు వస్తుంది. ఎండలు ముదిరాక స్థానిక పంట తగ్గిపోయి, రాయలసీమలోని మదనపల్లె నుంచీ కర్ణాటకలోని కోలారు నుంచీ వచ్చే టమాటా మీదే నగరం ఆధారపడుతుంది. దూరం పెరిగే కొద్దీ కిరాయి పెరుగుతుంది, దారిలో నలిగే కాయా పెరుగుతుంది. కొనే మనకు మాత్రం రెండు కాలాల్లోనూ టమాటా ఒకేలా కనిపిస్తుంది.

కమీషన్ ఏజెంట్ల షెడ్ల ముందు క్రేట్లను నిలువుగా పేర్చి ఉంచుతారు. సుమారు పాతిక కిలోలు పట్టే ఒక క్రేటులో చేయి పెట్టి రెండు మూడు కాయలు తిప్పి చూడవచ్చు గానీ, మొత్తం కుమ్మరించి ఏరుకోవడం కుదరదు. వెనుక పదిమంది నిలబడి ఉంటారు. “పై వరుస చూసి కొనాలె సార్, కింది వరుస ఇంటికి పోయినంకనే తెలుస్తది” అన్నాడాయన. మనం కొట్టు దగ్గర ఒక్కో కాయను నొక్కి చూసి, నచ్చనిది పక్కన పెట్టి, తొడిమ పచ్చగా ఉన్నదే ఏరుకుంటాం. మనకు దొరికే ఆ వెసులుబాటు ఆయనకు యార్డులో దొరకదు. ఏరకుండా కొని, ఏరుకునేవారికి అమ్మడమే ఆయన వృత్తి. ధరలో తేడా పుట్టే మొదటి చోటు ఇదేనని నాకు ఆ తెల్లవారుజామునే అనిపించింది.

లెక్క కోసం ఒక మామూలు రోజును తీసుకుందాం. పాతిక కిలోల క్రేటు, టోకు ధర కిలోకు 20 రూపాయలు, అంటే 500 రూపాయలు. ఆటో కిరాయిలో ఆ క్రేటు వాటా, హమాలీ ఖర్చు కలిపి మరో 40 అనుకుంటే 540 అవుతుంది. కొట్టుకు తెచ్చి కుమ్మరిస్తే అడుగున నలిగినవి, చీలినవి రెండు కిలోలు పోతాయి. మిగిలింది 23 కిలోలు. సాయంత్రానికి 18 కిలోలు 30 రూపాయల చొప్పున అమ్ముడైతే చేతికి వచ్చేది సరిగ్గా 540 రూపాయలు. అంటే పెట్టుబడి తిరిగి వచ్చిందంతే, ఇంకా పైసా మిగల్లేదు. మిగిలిన అయిదు కిలోల్లో మెత్తబడినవాటిని మర్నాడు తగ్గించి, మూడు కిలోలు 20 రూపాయల చొప్పున అమ్మితే 60 రూపాయలు వస్తాయి. ఆఖరి రెండు కిలోలు ఆవుకో, చెత్త బండికో వెళతాయి. పైకి చూస్తే కొన్న ధర మీద సగానికి సగం పెంచి అమ్మినట్టు ఉంటుంది. నిజంగా మిగిలింది 540 మీద 60, అంటే వందకు పదకొండు రూపాయల చొప్పున. మడిగె అద్దె, కరెంటు, సంచుల ఖర్చు, ఇద్దరు మనుషుల రోజు కూలి ఆ అరవైలోంచీ, మిగతా కూరగాయల మీద వచ్చే అలాంటి అరవైల్లోంచీ రావాలి.

ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే. ఒకరోజు క్రేటంతా మధ్యాహ్నానికే చెల్లిపోవచ్చు, మరో రోజు వాన కురిసి గిరాకీ లేక సగం మిగిలిపోవచ్చు. అంకెలు మారినా లెక్క నడిచే తీరు మారదు: లాభమంతా ఆఖరి నాలుగైదు కిలోల్లోనే ఉంటుంది, కుళ్లు మొదలయ్యేదీ అక్కడే. బియ్యం, పప్పు అమ్మే కిరాణా కొట్టుకు ఈ బాధ లేదు. ఈరోజు అమ్ముడుపోని కందిపప్పు రేపు అదే ధరకు అమ్ముడుపోతుంది. పుంటికూర కట్ట అలా కాదు. ఉదయం పది రూపాయలకు రెండు కట్టలైతే రాత్రికి మూడు కట్టలు, మర్నాటికి దాని విలువ సున్నా.

ఈ నష్టం కొట్టు దగ్గర మొదలయ్యేది కాదు, పొలం నుంచీ వెంట వస్తుంది. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్‌కు చెందిన సలహా సంస్థ నాబ్‌కాన్స్ 2022లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, దేశంలో కోత నుంచి అమ్మకం వరకు జరిగే నష్టం టమాటాలో 11.61 శాతం, జామలో 15.05 శాతం. అధ్యయనం చేసిన పంటల్లో ఈ రెండూ తీవ్రంగా నష్టపోయేవాటిలో ఉన్నాయి. కోసేటప్పుడు, ఎత్తేటప్పుడు, లారీలో, యార్డులో, చివరకు కొట్టులో కొంత కొంతగా పోయిన ప్రతి కిలో ఖర్చునూ మిగిలిన కిలోలే మోయాలి. మనం తినని టమాటాకు కూడా మనమే డబ్బు చెల్లిస్తున్నాం, రైతు కూడా తన వంతు చెల్లిస్తున్నాడు.

రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో ప్రచురించిన పరిశోధన పత్రాల్లో వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతుకు చేరే వాటాను అంచనా వేశారు. టమాటాకు 33 శాతం, ఉల్లికి 36 శాతం, ఆలుగడ్డకు 37 శాతం అని తేలింది. పండ్లలో అరటికి 31 శాతం, ద్రాక్షకు 35 శాతం, మామిడికి 43 శాతం. మూడింట ఒక వంతు మాత్రమే పండించినవాడికి చేరడం బాధాకరం, దాన్ని సమర్థించే ప్రసక్తి లేదు. అయితే మిగిలిన రెండు వంతులు ఒక్క చోట పోగుపడి లేవు. ఆ రెండు వంతుల్లోంచే కిరాయి, కమీషన్, ఎత్తుడు దింపుడు కూలి, టోకు వ్యాపారి లాభం, పాడైన సరుకు, చిల్లర కొట్టు అద్దె అన్నీ తీరాలి. దీనిలో ఏ భాగం న్యాయమైనది, ఏ భాగం దోపిడీ అని విడదీయకుండా “దళారులు” అన్న ఒక్క మాటతో తేల్చేస్తే, సరిదిద్దవలసిన చోటు ఏదో మనకు ఎప్పటికీ కనపడదు. చీకట్లో యార్డుకు వెళ్లి పది క్రేట్లు కొనుక్కొచ్చేవాడూ, లారీల కొద్దీ సరుకు మీద కమీషన్ తీసుకునేవాడూ ఒకటి కారు.

మరి రైతు బజారు తక్కువకు ఎలా ఇవ్వగలుగుతోంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో మొదలైన ఈ బజార్లు, నిస్సందేహంగా మన రాష్ట్రాలు చేసిన మంచి పనుల్లో ఒకటి. గుర్తింపు కార్డు ఉన్న రైతు తన సరుకును తానే తెచ్చి అమ్ముకుంటాడు. స్థలానికి అద్దె ఉండదు, కమీషన్ ఏజెంటు ఉండడు. ఆ రోజు ధరను ఉదయమే నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. టోకు ధర కన్నా సుమారు పాతిక శాతం ఎక్కువగా, బయటి చిల్లర ధర కన్నా సుమారు పాతిక శాతం తక్కువగా ఉండాలన్నది దానికి పెట్టుకున్న కొలత. టోకు 20, చిల్లర 30 అయిన రోజున బోర్డు మీద 24 ఎందుకు కనిపిస్తుందో దీన్నిబట్టి తేలిగ్గానే తెలుస్తుంది. ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉంది: రైతు బజారు ధర తనంతట తానుగా పుట్టదు, వీధి కొట్టు ధరను ఒక కొలబద్దగా చేసుకుని పుడుతుంది.

మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, వనస్థలిపురం రైతు బజార్లకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్నవారు అదృష్టవంతులు. మిగిలిన నగరానికి అది వారానికి ఒకసారి చేసే ప్రయాణం. మా ఇంటి నుంచి దగ్గరి రైతు బజారుకు వెళ్లి రావడానికి ఆటోకు పెట్టే డబ్బు తిరిగి రావాలంటే, కిలోకు ఆరు రూపాయలు మిగిలినా కనీసం పాతిక ముప్పై కిలోలు కొనాలి. అన్ని కిలోలు మోసుకొచ్చాక వాటిని వాడిపోకుండా చూసుకునే బాధ్యత మనదే. ఆదివారం తెచ్చిన కొత్తిమీర గురువారానికి ఫ్రిజ్ అడుగున నల్లబడి, జిగురుగా మారడం ఎన్ని ఇళ్లలో చూడలేదు! కొట్టులో జరగవలసిన నష్టాన్ని అప్పుడు మన వంటింట్లోకి తెచ్చుకున్నట్టవుతుంది. ఆ కొత్తిమీర ధరను మాత్రం మనం ఎప్పుడూ లెక్కలో కలపం.

పెద్ద ఫ్రిజ్, బండి, వారానికి సరిపడా డబ్బు ఉన్న ఇంటికి ఇది సౌలభ్యాల మధ్య ఎంపిక. రోజు కూలి మీద బతికే ఇంటికి ఎంపిక అన్నదే లేదు. వాళ్లు సాయంత్రం పని నుంచి వస్తూ, చేతికొచ్చిన డబ్బులోంచి ఆ పూటకు కావలసింది కొనుక్కుంటారు. పావు కిలో వంకాయ, పది రూపాయల టమాటాలు, రెండు పచ్చిమిరపకాయలు, ఒక కట్ట కొత్తిమీర. వీధి కొట్టు ధరల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే విషయం ఈ పావు కిలో దగ్గరే ఉంది.

ధర పెరిగినప్పుడు కొట్ల దగ్గర మాట మారుతుంది. కిలో ఎంతని చెప్పడం మానేసి “పావు ఇరవై” అంటారు. విన్నవారికి ఇరవై అన్న అంకె చిన్నదిగానే తోస్తుంది. నాలుగు పావులు కలిపితే కిలో ఎనభై. అదే కొట్టులో కిలో తీసుకునేవారికి డెబ్బైకి ఇస్తారు. కావాలని చేసే మోసం కాదిది. చిల్లర నాణేలతో తూకం వేయడం కష్టం కనుక పావు ధరను అయిదుకో పదికో గుండుగుత్తగా సర్దుతారు, ఆ సర్దుబాటు ఎప్పుడూ పైకే జరుగుతుంది. పైగా పావు కిలో తూచడానికీ కిలో తూచడానికీ పట్టే సమయం ఒకటే. ఫలితంగా ఆ వీధిలో అతి తక్కువ సంపాదించే మనిషి, అదే కూరగాయకు కిలో లెక్కన అందరికన్నా ఎక్కువ చెల్లిస్తుంది. ఏ బోర్డు మీదా ఈ ధర రాసి ఉండదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు రెండు వేల కేలరీల ఆహారం తీసుకునే మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. నలుగురున్న ఇంటికి లెక్కేస్తే రోజుకు కిలో ఆరువందల గ్రాముల కూరగాయలు. సాయంత్రం కొట్టు దగ్గర నిలబడి చూస్తే, నలుగురి కోసం కొనేది చాలాసార్లు అర కిలో దాటదు. తినాలన్న తెలివి లేక కాదు. పావు లెక్కన కొంటే కిలో ఆరువందల గ్రాములకు ఆరేడు పావులు అవుతాయి, ఆ డబ్బు ఆ పూట చేతిలో ఉండదు. ఆహార సలహాలిచ్చే వ్యాసాల్లో ఈ తూకం గురించి ఎవరైనా రాస్తే బాగుంటుందని ఎప్పుడూ అనుకుంటాను.

అయినా ఆ ఇల్లు వీధి కొట్టును విడిచిపెట్టదు, ఎందుకంటే అక్కడ ఉద్దెర పుడుతుంది. మా కొట్టులో గల్లాపెట్టె పక్కన ఒక పాత నోటుపుస్తకం ఉంటుంది. పేర్ల బదులు “మూడో అంతస్తు”, “పెయింటర్ ఇల్లు”, “స్కూటీ అమ్మ” అని రాసి, ఎదురుగా బాకీలు వేస్తారు. వారం చివర కూలి డబ్బులు వచ్చాక కొందరు తీరుస్తారు, కొందరు సగం తీరుస్తారు, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయేవారూ ఉంటారు. వడ్డీ లేదు కదా అనిపిస్తుంది గానీ, ఆ కొట్టు తానే అప్పు మీద నడుస్తుంటుంది. ఉదయం సరుకు కొనడానికి రోజువారీ ఫైనాన్స్ దగ్గర, ఇక్కడివారు గిరిగిరి అని పిలిచే దాని దగ్గర తెచ్చిన డబ్బుకు ప్రతి సాయంత్రం కిస్తీ కట్టాలి. ఆ వడ్డీ కూడా మన టమాటా ధరలో ఉంటుంది. కేంద్రం 2020 జూన్‌లో ప్రారంభించిన స్వనిధి పథకం, తోపుడు బండ్లవారికీ కాలిబాట వ్యాపారులకూ తొలి ఏళ్లలో మొదటి విడతగా పది వేల రూపాయల వరకు రుణం, సకాలంలో కట్టినవారికి ఏడు శాతం వడ్డీ రాయితీ ఇచ్చి ఈ భారాన్ని కొంత తగ్గించింది. అద్దె మడిగెలో కూర్చున్న చిన్న కొట్టు మాత్రం దాని పరిధిలోకి రాదు, పెద్ద బ్యాంకు రుణానికి కావలసిన కాగితాలూ దాని దగ్గర ఉండవు.

ధరలు పెరిగేటప్పుడు గంటల్లో పెరుగుతాయి, తగ్గేటప్పుడు మాత్రం రోజులు పడుతుందన్న ఫిర్యాదు అందరికీ ఉంది, నాకూ ఉంది. 2023 జులైలో దేశంలో చాలాచోట్ల టమాటా కిలో నూట యాభై దాటినప్పుడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తానే కొని రైతు బజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది. ఆ కిలో కోసం జనం గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు. అదే ఏడాది సెప్టెంబరు వచ్చేసరికి కర్నూలు ప్రాంతపు రైతులకు కిలోకు పది రూపాయలు కూడా దక్కక, పంటను రోడ్ల పక్కన పారబోసుకున్నారు. ఆ నెల మొదట్లో మా వీధిలో ధర వెంటనే పదికి దిగలేదు. కారణాల్లో ఒకటి న్యాయమైనదే: క్రితం రోజు ఎక్కువ ధరకు కొన్న సరుకు ఇంకా బల్ల మీద ఉంటుంది. కిరాయి, హమాలీ, అద్దె, నష్టం వంటి ఖర్చులు టమాటా ధరతో పాటు తగ్గవు కనుక, యార్డులో ధర అయిదు రూపాయలైనా వీధిలో పది పదిహేనుకు దిగువన అమ్మడం కష్టం. రెండో కారణం అంత న్యాయమైనది కాదు. జులైలో గిరాకీ పడిపోయినప్పుడు పోగొట్టుకున్నదాన్ని ఈ రోజుల్లో రాబట్టుకోవాలని కొట్లవాళ్లు చూస్తారు. పక్క వీధి కొట్టు తగ్గించిందని ఎవరైనా వచ్చి చెప్పాకే ఇక్కడా తగ్గుతుంది. అందుకే బేరమాడటం చిన్నతనమేమీ కాదు. రెండు కొట్లలో అడిగి చూసే గృహిణి ఒక్కరి కోసమే కాక ఆ వీధి మొత్తానికి మేలు చేస్తోంది.

బేరమాడే హక్కుతో పాటు ఒక మర్యాద కూడా ఉందని నా అభిప్రాయం. బెండకాయ లేతదో ముదురుదో తెలుసుకోవడానికి కొస విరిచి చూడటం మనకు తరతరాల అలవాటు. పటుక్కున విరిగితే లేత, వంగితే ముదురు. కానీ విరిచి చూసి వదిలేసిన కాయ గంటలో కొస నల్లబడుతుంది, దాన్ని తర్వాత ఎవరూ తీసుకోరు. సాయంత్రం బెండకాయల క్రేటు అడుగున చూస్తే కొసలు లేని కాయలు అర కిలో దాకా ఉంటాయి. ఒకరోజు కొట్టు నడిపే ఆమె వాటిని దోసిట్లోకి తీసి చూపించింది, ఏమీ అనలేదు. చిన్న సైజు కాయలను, పొడిగా, నూగు తగిలేవాటిని ఎంచుకుంటే విరవకుండానే లేతవి దొరుకుతాయి. వంకాయకు ముచ్చిక పచ్చగా ఉండి, పైతోలు నిగనిగలాడితే అది నిన్నటిదో ఇవాళ్టిదో. ఆకుకూరకు మొదలు దగ్గర కట్టు విప్పి లోపల చూడాలి. పైన నీళ్లు చల్లితే వాడిన ఆకు కూడా లేచి నిలబడుతుంది గానీ, కట్టు లోపలి కాడలు పసుపెక్కి ఉంటే అది దాచినా దాగదు.

సూపర్‌మార్కెట్లో చల్లగా పెట్టిన కూరగాయ తాజాదని, వీధిలో గాలికి పెట్టినది పాతదని అనుకోవడం కూడా పూర్తిగా సరి కాదు. టమాటాను పన్నెండు డిగ్రీల కన్నా చల్లటి చోట ఎక్కువకాలం ఉంచితే దాని వాసన, రుచి తగ్గిపోతాయి. వంకాయ, బెండ, దోసలకు మరీ చల్లదనం దెబ్బే, తోలు మీద గుంటలు, మచ్చలు వస్తాయి. ఆకుకూరలకు, క్యారెట్‌కు మాత్రం చల్లదనం మేలు. ఆ తెల్లవారుజామున యార్డు నుంచి వచ్చి ఆ సాయంత్రానికే అమ్ముడైపోయే టమాటా, మూడు రోజులు చల్లటి గదిలో తిరిగి వచ్చిన టమాటా కన్నా చారులో బాగుంటుంది. ఎంత త్వరగా చేతులు మారిందన్నదే తాజాదనానికి అసలు కొలత. ఆ విషయంలో, రోజూ యార్డుకు వెళ్లి కొద్దికొద్దిగా తెచ్చే చిన్న కొట్టుకు ఉన్న బలం తక్కువది కాదు.

పండ్ల సంగతికి వస్తే వీధి కొట్టు బలహీనత బయటపడుతుంది. మా కొట్టులో ఏడాది పొడుగునా దొరికేది అరటి. దానితో పాటు కాలాన్నిబట్టి జామ, బత్తాయి, సీతాఫలం కొద్దికొద్దిగా తెస్తారు. యాపిల్, దానిమ్మ, ద్రాక్ష కావాలంటే బస్టాపు దగ్గరి పండ్ల బండికి వెళ్లవలసిందే. పండు ఖరీదు ఎక్కువ, మగ్గిన పండు ఆగేది రెండు రోజులే, కొనేవారు కొందరే. ఒక పెట్టె మామిడి మిగిలిపోతే నాలుగు క్రేట్ల టమాటా మీద వచ్చిన మిగులు పోతుంది. అందువల్ల తెలివైన కొట్టు నష్టానికి సిద్ధపడదు, దాని మీద ఆధారపడిన ఇళ్లకు పండు దూరమవుతుంది.

పండ్ల విషయంలో ఎక్కువమందికి ఉన్న భయం కార్బైడ్. కాల్షియం కార్బైడ్‌తో పండ్లను మగ్గబెట్టడం ఆహార భద్రత నిబంధనల కింద 2011 నుంచి నిషిద్ధం. తేమ తగిలినప్పుడు దాని నుంచి వెలువడే ఎసిటిలీన్ వాయువుతో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు రావడమే అందుకు కారణం. మన ఉమ్మడి హైకోర్టు 2015లో ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు చేపట్టింది. మరోవైపు ఇథిలీన్ వాయువుతో, వంద పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద వంతులు) వరకు, మగ్గబెట్టడానికి 2016 నుంచి అనుమతి ఉంది. ఇథిలీన్ అంటే కాయ తనలో తానే పుట్టించుకునే వాయువు, దానితోనే చెట్టు మీద కాయ పండుతుంది. కాబట్టి “మందు పెట్టి మగ్గించారు” అన్న ఒక్క మాటలో రెండు పూర్తిగా వేరైన విషయాలు కలిసిపోతున్నాయి. తోలంతా ఒకే తీరున పసుపుగా ఉండి, లోపల గట్టిగా, పుల్లగా, వాసన లేకుండా ఉన్న మామిడిని అనుమానించాలి. సీజన్ రాకముందే మార్కెట్లో కనిపించిన దాన్నయితే కొనకపోవడమే మంచిది. వీధి కొట్టు యజమానికి ఆ పండు ఎక్కడ, దేనితో మగ్గిందో తెలిసే అవకాశం చాలా తక్కువ. తనిఖీ జరగవలసింది మగ్గబెట్టే గోదాముల దగ్గర. ఆఖరి గంపను పట్టుకుని జరిమానా వేస్తే మూలం అలాగే ఉండిపోతుంది.

తూకం విషయం వేరు, అది పూర్తిగా కొట్టు బాధ్యతే. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ఏడాదికోసారి పరీక్షించి ముద్ర వేయాలి. ముద్ర ఉందా అని చూడటానికి, తట్ట పెట్టాక అంకె సున్నాకు వచ్చిందా అని చూడటానికి సిగ్గుపడనక్కర్లేదు. ఒకప్పుడు నేను ఇంకో పేటలో ఉన్నప్పుడు, వరుసగా రెండు నెలలు కిలోకు యాభై గ్రాములు తక్కువ తూచే ఒక కొట్టులో కొన్నాను. ఇంట్లో కాటా కొన్నాక గానీ తెలియలేదు. అడిగితే యజమాని కాటా చెడిపోయిందన్నాడు, మర్నాటికి అది బాగైంది. అయిదు శాతం తూకం దొంగతనం, పైన లెక్క కట్టిన పదకొండు శాతంలో దాదాపు సగానికి సమానం. ఆ సగం కోసం ఎవరైనా ఎందుకు ఆశపడతారో అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ఒప్పుకోనక్కర్లేదు.

రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలను 2006లో హైదరాబాద్‌లోనే తెరిచినప్పుడు, వీధి కొట్ల పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. అవి అలాగే ఉన్నాయి. ఇప్పుడు పది నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చే యాప్‌లు వచ్చాక మళ్లీ అదే మాట వినిపిస్తోంది. ఈసారి నాకు కొంత ఆందోళనగానే ఉంది, కారణం ధరలు కాదు. వెంటనే డబ్బు చెల్లించి, కిలోల్లో కొని, బేరమాడకుండా వెళ్లే కుటుంబాలే ముందు యాప్‌లకు మళ్లుతున్నాయి. ఉదయం క్రేటులో పై వరుస ఖాళీ చేసి, పెట్టుబడిని మధ్యాహ్నానికే తిరిగి తెచ్చేది ఈ కుటుంబాలే. వీళ్లు తగ్గిపోతే కొట్టుకు మిగిలేది సాయంత్రం పావు కిలోలు, నోటుపుస్తకంలో బాకీలు. అప్పుడు ఆ పావు ధర ఇంకా పెరుగుతుంది, తెచ్చే రకాలు తగ్గుతాయి, ముందుగా ఆకుకూరలు మాయమవుతాయి. నెలకు నాలుగుసార్లయినా ఉదయం పూట ఆ కొట్టుకు వెళ్లి రెండు కిలోలు కొనే ఇల్లు, సాయంత్రం అక్కడికొచ్చే ఇంటి పావు ధరను కొంత మోస్తోంది.

ప్రభుత్వాలు చేయగలిగినవీ ఉన్నాయి. రైతు బజార్ల సరుకును వార్డుకొక చోటుకు పంపే మొబైల్ వాహనాలను మనం చూశాం, అవి నిలకడగా, ఒకే వేళకు, ముఖ్యంగా సాయంత్రం పూట రావాలి. చిన్న కొట్లు పదీ పదిహేను కలిసి యార్డులో ఒకే లాటు కొనుక్కుని పంచుకునేలా చేయగలిగితే, కమీషన్ దగ్గరా కిరాయి దగ్గరా వాళ్ల మాట చెల్లుతుంది. బోయినపల్లి యార్డులో రోజుకు పది టన్నుల దాకా కూరగాయల వ్యర్థాలతో బయోగ్యాస్ తీసి, సుమారు అయిదు వందల యూనిట్ల కరెంటు తయారుచేసే ప్లాంటు ఉంది. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో దాని గురించి చెప్పారు. మెచ్చుకోదగినదే. కానీ ఒక్క యార్డులో పది టన్నులు వ్యర్థమయ్యే స్థితి కూడా ఆ అంకెలోనే ఉంది. కుళ్లినదాన్ని కరెంటుగా మార్చడం కన్నా, కుళ్లకముందే దాన్ని ఎవరో ఒకరి కంచంలోకి చేర్చడానికి పెట్టే ఖర్చు మేలైనది.

రాత్రి ఎనిమిదిన్నర దాటాక మా కొట్టులో బేరం తీరు మారుతుంది. షట్టరు సగం దించి, మిగిలిన ఆకుకూరలను బల్ల అంచున కుప్ప పోస్తారు. పక్క సందులో కట్టే అపార్టుమెంటు పని నుంచి వచ్చే ఆడవాళ్లు ఆ వేళకే వస్తారు. “పదికి నాలుగు కట్టలు తీస్కో అక్కా” అని చెప్పి, అడగకుండానే పైన రెండు రెబ్బల కరివేపాకు కొసరు వేస్తుంది ఆమె. కాటా ఊసే ఉండదు. వాళ్లు వెళ్లాక భర్తకు ఫోన్ చేసి రేపటికి ఏం తేవాలో చెబుతుంది. మొన్న కార్తీక సోమవారం ముందు రాత్రి విన్నాను: “రేపు అందరు ఉపవాసముంటరు, పొద్దున గిరాకీ ఉండదు. టమాట రెండు క్రేట్లు చాలు. అరటిపండ్లు ఇంకొక గెల ఎక్కువ తే. పాలకూర వద్దు, ఇయ్యాల్టిదే ఇరవై కట్టలు మిగిలినయ్.” ఆమె ఎదురుగా ఆ ఇరవై కట్టలు అప్పటికే తలలు వాల్చి ఉన్నాయి.